పెదవులు కలవని మాట

ముందు కాలరు. తరవాత భుజాలు, చేతులు. ఆఖరికి వీపు. తెల్లకోటు ఇస్త్రీ చేయడంలో ఆయన పద్ధతి ఇదే. వీపు ముందు చేస్తే కాలరు చేసేసరికి అది మళ్ళీ నలుగుతుంది. కెమెరా వీపుని ఎక్కడ చూస్తుందిలే అని చాలామంది దాన్ని వదిలేస్తారు. ఆయన వదలడు. ఆపరేషన్ థియేటరు తలుపు తోసుకుని బయటికొచ్చి, చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పి, తిరిగి లోపలికి వెళ్ళిపోయే డాక్టరుకి వీపే ఎక్కువసేపు కనిపిస్తుందని ఆయనకి తెలుసు.

మర్నాడు ఒక సీరియల్లో ఒక పూట పని ఉంది. జేబు లోపలి గుడ్డని బయటికి లాగి దాన్నీ రుద్దుతుండగా ఫోను మోగింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, రెండో మోత పూర్తయ్యేలోపే అందుకున్నాడు. నెలరోజులుగా ఆయన ఒక్క ఫోను కోసమే చూస్తున్నాడు. డబ్బింగ్ థియేటరు నుంచి రావాల్సిన ఫోను.

అది అక్కడినుంచే.

"నమస్తే సార్. సౌండింజినీర్ని మాట్లాడుతున్నా. మీ గొడుగుల సినిమా గురించి..."

"చెప్పు బాబూ. ఎప్పుడు రమ్మంటారు? రేపు ఒక్కపూట సీరియలుంది. ఎల్లుండి నించి ఎప్పుడైనా సరే."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"రావడం కాదు సార్. మీ వేషానికి కంచు గారు డబ్బింగ్ చెప్తున్నారు, నిన్నట్నించి. ఒక్క మాట దగ్గర ఆగిపోయాం. నాలుగో సీన్లో గొడుగు కుడుతూ మీ ఆవిడని పిలుస్తారు చూడండి, అక్కడ ఏమన్నారో చెప్తే చాలు. ఫోన్లోనే చెప్పేయండి."

ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటాను? కాగితంలో ఉన్నదే అన్నాను. ఆవిడ పేరు."

"పేరుకి పెదాలు కలవట్లేదు సార్."

"నలభై ఏళ్ళుగా చేస్తున్నా. రాసిన మాట మార్చిన పాపాన పోలేదు. కావాలంటే ఎవర్నైనా అడుగు."

"ఇంకెవర్ని అడుగుతాను సార్? సెట్లో రికార్డు చేసింది విందామంటే సరిగ్గా అక్కడే బయట ఎవడో లారీ వెనక్కి తీస్తున్నాడు. కుయ్ కుయ్‌మని హారను తప్ప ఇంకేం లేదు."

"వస్తున్నా," అన్నాడాయన.

ఫోను పెట్టేసి, స్విచ్చి తీసి, ఇస్త్రీపెట్టె చల్లారేదాకా దాని పక్కనే కూచున్నాడు. వేడిగా ఉన్నదాన్ని వదిలి వెళ్ళడం ఆయనకి అలవాటు లేదు. ఇంట్లో చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

పనిచేసే చోట ఆయన్ని 'సారీ గారు' అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు. మూడొందలకి పైగా సీరియళ్ళలో ఒక్కో రోజు, రెండేసి రోజులు డాక్టరుగా వచ్చి "సారీ, మేం చేయగలిగిందంతా చేశాం" అని చెప్పి వెళ్ళిపోయిన మనిషి.

దీన్లోకి ఆయన కోరి రాలేదు. ఇరవైనాలుగేళ్ళప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేసేవాడు. ఫ్రేముల కోసం వచ్చిన టీవీ వాళ్ళు, ఆ రోజు డాక్టరు వేషగాడు ఎగ్గొట్టాడని, కళ్ళజోడు పెట్టుకున్న ఈయన్ని పట్టుకెళ్ళారు. వాళ్ళిచ్చిన కోటు చేతులు మోచేతులు దాటి రాలేదు. అది కనపడకుండా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడి మాట చెప్పాడు. డైరెక్టరు భుజం తట్టి, "ఆ చేతులు వెనక్కి పెట్టడం భలే ఉందయ్యా, ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాడు. ఈయన మర్నాడే వెళ్ళి సొంత కొలతలతో కోటు కుట్టించుకున్నాడు. ఆ తరవాత ఎక్కడ డాక్టరు కావాలన్నా "ఆ కోటున్నాయన్ని పిలవండి" అనేవారు.

మిగతాదంతా చూసి నేర్చుకున్నాడు. సెలవు రోజుల్లో ఆసుపత్రి వరండా బల్ల మీద కూచుని డాక్టర్లు ఎలా నడుస్తారో చూసేవాడు. చెడ్డకబురు చెప్పే డాక్టరు ఏడ్చేవాళ్ళ వైపు చూడడనీ, ప్రశ్నలు అడగబోయే మనిషి వైపు చూస్తాడనీ అక్కడే కనిపెట్టాడు. డాక్టర్లు కాక జడ్జీలు చేశాడు, బ్యాంకు మేనేజర్లు చేశాడు, పెళ్ళిచూపుల్లో మాట్లాడకుండా కూచునే పెదనాన్నలు చేశాడు. రోడ్డు మీద ఎవరో ఒకరు ఆపేవారు.

"మిమ్మల్ని ఎక్కడో చూశానండీ. మా బ్యాంకులో పనిచేసేవారు కదూ?"

మొదట్లో కాదని చెప్పేవాడు. చెబితే ఇంకో పావుగంట పడుతుందని తెలిశాక, "అవునండీ, రిటైరయ్యాను" అనడం మొదలుపెట్టాడు.

సినిమాల సంగతి వేరు. సీరియళ్ళలో ఎక్కడికక్కడ రికార్డు చేసేస్తారు కాబట్టి గొంతు ఆయనదే. సినిమాలో తరవాత తీరిగ్గా చెప్పిస్తారు. ఇరవైఆరు సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేస్తే ఒక్కదాన్లోనూ ఆయన గొంతు లేదు. మొదటి సినిమాకే ఒక డైరెక్టరు అనేశాడు, "మనిషి చూస్తే ద్వారబంధంలా ఉన్నాడు, గొంతేమో కిటికీ రెక్కలా ఉంది" అని. అప్పట్నించి ఆయన మొహానికి కంచు అనే ఆయన మాట అరువిస్తున్నాడు. ఇద్దరూ కలుసుకున్నది మహా అయితే మూడుసార్లు.

ఆయన భార్య ప్రతి సినిమాకీ ఆయనతో ఉదయం ఆటకి వచ్చేది. తెరమీద ఆయన నోరు తెరవగానే చెవిలో అనేది:

"ఏమండీ, మొహం మీదే. మాట్లాడేది మాత్రం పక్కింటాయన."

సీరియలు పనుంటే సాయంత్రం తలుపు తీస్తూనే అడిగేది:

"ఇవాళ ఎంతమందిని పైకి పంపించారు?"

"ఇద్దర్ని. ఒకాయన్ని బతికించాను."

"అబ్బో. కాళ్ళు కడుక్కోండి, మహానుభావా."

పిల్లల్లేరు. సీనుకి ముందురోజు కాగితం పట్టుకుని అవతలి పాత్ర మాటలన్నీ ఆవిడే చదివేది. కన్నకొడుకు పోయాడని గుండెలు బాదుకునే తల్లి మాటల్ని కూడా కరెంటు బిల్లు చదివినట్టు చదివేది. దానివల్లే తనకి ఏకాగ్రత కుదిరిందని ఆయన అనేవాడు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ రోజు నిజం డాక్టరు బయటికొచ్చి సారీ అనలేదు. "లోపలికి వెళ్ళి ఆవిడ దగ్గర కూచోండి" అన్నాడంతే. ఆ తరవాత ఆయన సీరియళ్ళలో ఆ మాట చెప్పేటప్పుడు గొంతు బాగా తగ్గించాడు. వినపడట్లేదని డైరెక్టర్లు విసుక్కున్నారు.

ఇప్పుడు ఇంట్లో సాధన ఒంటరిగానే. తన మాట చెప్పి, అవతలివాళ్ళ మాటకి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, మళ్ళీ తన మాట చెబుతాడు. ఈయనతో ఫోన్లో ఎవరో అదేపనిగా మాట్లాడతారని పక్కవాటా వాళ్ళ నమ్మకం.

గొడుగుల సినిమా ఆయనకి అలాంటి రోజుల్లో వచ్చింది. తీసేది కొత్తమ్మాయి, ఇదే మొదటి సినిమా. గొడుగులు బాగుచేసే ముసలాయన వేషం. ఆరు సీన్లు. అంత పెద్ద వేషం ఆయన ఎప్పుడూ వేయలేదు. బస్టాండు పక్కన గొడుగులు కుట్టే మనిషి దగ్గర మూడు వారాలు కూచుని ఊచలు వంచడం, గుడ్డ లాగి కట్టడం నేర్చుకున్నాడు. ఒప్పుకునేటప్పుడు ఒకటే అడిగాడు.

"గొంతు నాదే ఉంచమ్మా."

"చూద్దాం బాబాయ్ గారూ," అంది డైరెక్టరమ్మాయి.

'చూద్దాం' అంటే ఏమిటో నలభై ఏళ్ళుగా వింటున్నవాడే. అయినా నెలరోజులు ఫోను పక్కన పెట్టుకుని పడుకున్నాడు.

డబ్బింగ్ థియేటరు ఒక మందుల గోదాము పైన. మెట్లెక్కుతుంటే కింద అట్టపెట్టెలు ఈడుస్తున్న చప్పుడు. పైన బరువైన తలుపు వెనక ఏ చప్పుడూ లేదు. గోడలకి గుడ్డ, కింద తివాచీ, మధ్యలో గాజు. గాజు ఇవతల మీటల బల్ల దగ్గర ముప్ఫై ఏళ్ళ ఇంజినీరు. అవతల మైకు ముందు, కుర్చీలో రెండు దిండ్లు వేసుకుని ఒక బక్కపల్చటి మనిషి. గొంతు మాత్రమే విన్నవాళ్ళు కంచుని ఆరడుగుల మనిషి అనుకుంటారు.

"రా అన్నా!" అంటూ బయటికొచ్చాడు కంచు. "నా మొహం నేను అద్దంలో చూసుకున్నది తక్కువ, నీ మొహం చూసింది ఎక్కువ. నిన్నట్నించి చంపుతున్నావు. ఏమన్నావక్కడ?"

"పేరే అన్నానయ్యా."

"పేరు మధ్యలో 'మ' ఉంది. 'మ' అంటే పెదాలు రెండూ మూతపడాలా వద్దా? నువ్వు మూయలేదు. 'చూడవే' అని చూశాను, కుదర్లేదు. 'ఇటురా' అని చూశాను. ఈ అబ్బాయైతే 'ఏవండోయ్' అనమన్నాడు."

"ఏదో ఒకటి కుదురుతుందని అన్నాన్సార్," అన్నాడు ఇంజినీరు.

"పెళ్ళాన్ని ఏవండోయ్ అంటార్రా ఎవరైనా?"

ఆయన నవ్వలేదు. "బొమ్మ వేయి బాబూ," అన్నాడు.

తెరమీద ముసలాయన కింద కూచుని గొడుగు గుడ్డని ఊచకి కుడుతున్నాడు. కథలో ఆయన భార్య పోయి నెలయింది. గుడ్డ రెండో కొస జారిపోతుంది. తలెత్తకుండా భార్యని పిలిచి కొస పట్టుకోమంటాడు. చెయ్యి చాపి ఉంచుతాడు. నాలుగు క్షణాలు. ఆ తరవాత కొసని తనే పళ్ళతో పట్టుకుని కుట్టుకుంటాడు. సీనంతా అదే. ఈ సీను రెండుసార్లు తీశారు. ఒకదాన్లో బొమ్మ మసకబారింది. మిగిలింది ఇదే.

మొదటిసారి ఆయన తన చేతులే చూశాడు. కుట్టు సరిగ్గానే పడింది. రెండోసారి పెదవులు చూశాడు. ఇంజినీరు చెప్పింది నిజమే. అవి మూతపడలేదు. సన్నగా తెరుచుకుని, చివర గుండ్రంగా ముడుచుకున్నాయి. తరవాత 'పట్టుకో' దగ్గర మాత్రం పద్ధతిగా కలిశాయి.

"ఇంకోసారి."

మూడోసారి తెరమీది మనిషితో పాటు తనూ చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు. కదిపి, అలాగే ఉండిపోయాడు.

"'ఇదిగో' అన్నాను," అన్నాడు. "'ఇదిగో, ఈ కొస పట్టుకో.'"

ఇంజినీరు కాగితం చూసుకున్నాడు. "ఇదిగో అంటే... ఏది సార్?"

"ఏదీ కాదురా అబ్బాయ్," అన్నాడు కంచు. "వెనకటివాళ్ళు పెళ్ళాన్ని అలా పిలిచేవాళ్ళు. పేరు పెట్టేవాళ్ళు కాదు."

"మా ఇంట్లో నేను పేరుతోనే పిలుస్తా సార్."

"పలుకుతుందా?"

"ఒక్కోసారి."

ఆయన గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడని ఆయన ఇదిగో అనే పిలిచాడు. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు పేషెంటు పేరేంటని నర్సు అడిగితే, ఆవిడ పేరు నోటికి రావడానికి ఒక క్షణం పట్టింది. నలభై ఏళ్ళలో మొదటిసారి రాసిన మాట మార్చాడు, మార్చినట్టు తనకే తెలియలేదు. చేతులు పనిలో ఉన్నాయి, నోరు దాని మానాన అది పిలిచింది.

"మాట దొరికింది కదా, ఐదు నిమిషాల్లో కొట్టేద్దాం," అని కంచు లోపలికెళ్ళాడు.

మూడు బీప్‌లు వినపడ్డాయి. నాలుగో బీప్ పడాల్సిన చోట మాట చెప్పాలి.

"ఇదిగో, ఈ కొస పట్టుకో."

దుకాణంలో చిల్లర తిరిగిస్తున్నట్టుంది. ఇంకోసారి చెప్పాడు. ఈసారి సభలో ఎవర్నో వేదిక మీదికి పిలుస్తున్నట్టుంది. మూడోసారి చెప్పి, ఆ నాలుగు క్షణాల ఖాళీలో చిన్న వెక్కు పెట్టాడు.

"అక్కడ ఏడుపు లేదయ్యా," అన్నాడాయన గాజు ఇవతల మీట నొక్కి. "ముక్కుతో ఒక ఊపిరి. అంతే."

"ఖాళీగా వదిలేస్తే జనానికి తెలియదన్నా."

"తెలుస్తుంది."

ఇంకో ఎనిమిదిసార్లు చెప్పాడు. కంచు చేతగానివాడు కాదు. పాతికేళ్ళుగా పదిమందికి మాట పోసినవాడు. పెదవి పెదవికి అతికినట్టు చెప్పాడు. అయినా ఏదో తేడా. చివరికి తనే ఆపేశాడు.

"మూడక్షరాలన్నా. ఏముంది దీన్లో? ఎలా పిలవమంటావు?"

"పిలవకు. పిలుపు కాదది. పక్కగదిలో ఉందని తెలిసిన మనిషితో అంటాం. గట్టిగా అనక్కర్లేదు. వస్తుందా రాదా అనే అనుమానం ఉండకూడదు."

కంచు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గాజు అవతలనుంచి ఆయన గొంతు స్పీకర్లో వినిపించింది. ఈసారి దాన్లో కంచు మోత లేదు.

"నేనూ మా ఆవిడా ఒకే ఇంట్లో ఉంటాం. మాట్లాడుకుని ఆరేళ్ళయింది. ఏదైనా కావాలంటే ఫ్రిజ్జు మీద చీటీ అతికిస్తుంది. అనుమానం లేకుండా నేనెలా అంటానన్నా?"

ఇంజినీరు మీటల వైపు చూస్తూ కూచున్నాడు.

కంచు లేచి బయటికొచ్చాడు. "నువ్వెళ్ళు. నేను అమ్మాయికి ఫోన్ చేస్తా."

"ఆ అమ్మాయి నిన్ను పెట్టుకుంది. నేను..."

"ఆ అమ్మాయి మాట కుదరాలంది. నా దగ్గర కుదరట్లేదు. వెళ్ళన్నా, దిండ్లు తీసేసి కూచో."

ఆయన వెళ్ళి దిండ్లు తీసి పక్కన పెట్టాడు. ఇరవైఆరు సినిమాల తరవాత ఆ మైకు ముందు కూచోవడం ఇదే మొదటిసారి. హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకున్నాడు. బీప్, బీప్, బీప్.

"ఇదిగో, ఈ కొస పట్టుకో."

తనకే తెలిసిపోయింది. మైకు కోసం అన్నాడు. మూడు బీప్‌లూ వింటూ సిద్ధమైపోయి, ఇప్పుడు ఇదిగో అంటాను చూడండి అన్నట్టు అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఇంకా చెడింది. నాలుగోసారి మాట పెదవులకంటే ముందే పడింది. తన నోటికి తనే అతకలేకపోతున్నాడు. మంచినీళ్ళు తాగి, కాసేపు చేతులకేసి చూసుకున్నాడు.

"బాబూ, బీప్‌లు తీసేయి. బొమ్మని ఇక్కడినించి కాదు, సీను మొదట్నించి వేయి."

"మొదట్లో మాటల్లేవు సార్. ఒకటిన్నర నిమిషం కుట్టడమే."

"కుట్టేటప్పుడు చప్పుళ్ళు చేస్తాం కదా. అవన్నీ చెప్తాను."

బొమ్మ మొదలైంది. ఆయన చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య సూది ఉన్నట్టు పట్టుకున్నాడు. ఊచ లాగేటప్పుడు చిన్నగా మూలిగాడు. దారం ముడి బిగించి నాలుకతో 'ట్చ్' అన్నాడు. గుడ్డ మొండికేస్తే విసుక్కున్నాడు. ఏదో పాత రాగం ముక్కులోనే తీసి వదిలేశాడు. తెరమీద కొస జారింది.

"ఇదిగో, ఈ కొస పట్టుకో."

అది ఎప్పుడు వచ్చిందో ఆయన గమనించలేదు. చెయ్యి చాపి ఉంచాడు. గుడ్డ అతికించిన గోడలు చప్పుడంతా మింగేశాయి. ఎవరూ పలకలేదు. నాలుగు క్షణాలు గడిచాక ముక్కుతో ఒక ఊపిరి వదిలి, పళ్ళు బిగించి, పని కానిచ్చాడు.

గాజు ఇవతల ఇంజినీరు మీట నొక్కడం మరిచిపోయాడు. కంచే వంగి నొక్కాడు. "అయింది," అన్నాడు.

డైరెక్టరమ్మాయి అరగంటలో వచ్చింది. తెరకి వీపు పెట్టి నిలబడి, ముందు కంచు చెప్పిన మొదటి సీను వింది. తరవాత ఇది వింది. మళ్ళీ అది, మళ్ళీ ఇది.

"మీ గొంతు పలచనే బాబాయ్ గారూ," అంది చివరికి.

"తెలుసమ్మా."

"ఆయన గొంతుతో వింటుంటే ఈ ముసలాయన ఎలాగోలా బతికేస్తాడులే అనిపిస్తోంది. మీ గొంతుతో అలా అనిపించట్లేదు." కాసేపు గోళ్ళు కొరుక్కుంది. "థియేటరు ఆరింటిదాకా మనది. మిగతా ఐదు సీన్లూ ఇవాళే చెప్పగలరా?"

"చెప్తాను."

"ఆలస్యమవుతుందని ఇంటికి ఫోన్ చేసుకోండి ముందు."

"అక్కర్లేదమ్మా."

ఆ అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఆయన అప్పటికే మొదటి సీను కాగితం తిరగేస్తున్నాడు.

కంచు వెళ్ళిపోలేదు. బీప్‌లకి బదులు గాజు ఇవతల నిలబడి, మాట మొదలయ్యే చోట వేలెత్తి చూపించాడు. "నువ్వు మాట్లాడబోయే ముందు ఎడమ పక్క పెదవి కదులుతుందన్నా. నీకు తెలీదు. నాకు పాతికేళ్ళుగా అదే గుర్తు," అన్నాడు. మూడో సీన్లో పెద్ద మాట దగ్గర ఆయన ఊపిరి చాలకపోతే, ఎక్కడ దొంగతనంగా పీల్చుకోవాలో చూపించాడు. ఐదో సీను పదిహేడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆరోది ఒక్కసారికే అయిపోయింది.

ఆరింటికి పది నిమిషాలుండగా ఇంజినీరు అన్నీ వరసపెట్టి ఒకసారి వినిపించాడు. తరవాత థియేటరు వాడుకోవాల్సిన వాళ్ళు అప్పటికే తలుపు బయట మాట్లాడుకుంటున్నారు.

"సెన్సారుకి పంపే కాగితాలు సార్," అన్నాడు ఇంజినీరు. "నోటితో ఏం చెప్తే అదే రాసుండాలి. మీరొకసారి చూసిస్తే పంపించేస్తా."

ఆయన బల్ల దీపం కింద కూచుని ఆరు సీన్లూ మాట మాటా చదివాడు. నాలుగో సీను దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని, టైపు చేసిన పేరుని ఒకే గీతతో కొట్టేశాడు. పైన 'ఇదిగో' అని గుండ్రంగా రాసి, పక్కన కామా పెట్టాడు. కాగితాల అంచులు బల్లకేసి తట్టి, క్లిప్పు పెట్టి ఇంజినీరు చేతికిచ్చాడు.